బండి తిప్పిన చోటు

అల్ఫారెట్టా
జూన్ 8

చిరంజీవి స్మృతికి,

మీ చిన్నతాత పరంధామయ్య ఆశీస్సులు. ఉత్తరం వచ్చిందని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే మీ ఉష పిన్ని స్పీకర్ పెట్టేస్తుంది. వంటింట్లో కుక్కరు, హాల్లో టీవీ, మధ్యలో మనం. నాలుగు ముక్కలు దాటి మాట్లాడలేం. నీకు కూడా ఫోన్ అంటే గొంతు పెగలదని మీ అమ్మ చెప్పేది. అందుకే కాగితం తీశాను.

అమెరికాలో కూతురి దగ్గరకొచ్చి మూడేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషిని ఇక్కడ కారు వెనక సీట్లో కూర్చోబెడుతున్నారు. మా పిల్ల తాళాలు దాచేసింది. ఏటమ్మా ఇది అంటే, "నాన్నా, ఇక్కడి రోడ్లు నీకు అలవాటు లేవు" అంటుంది. రోడ్డు రోడ్డే కదా. ఇంటి వెనకాలే 400 హైవే. పెరట్లో కూర్చుని టైర్ల చప్పుడు వింటే రోడ్డు తడిసిందో లేదో చెప్పగలను.

అల్లుడు శ్రీధర్ పాత రోడ్డు అట్లాసు ఒకటి ఇచ్చాడు. రోజూ అదే చూస్తున్నాను. నేను నడిపిన ప్రతి రూటుకీ ఒక చివర ఉండేది. మందస, మెళియాపుట్టి, ఇచ్ఛాపురం. చివర బస్సు తిప్పుకుని వచ్చేయడమే. కానీ దేశం చివరిదాకా వెళ్ళే రోడ్డు ఎప్పుడూ నడపలేదు. అట్లాసులో 81 నంబరు రోడ్డు మీ హెర్న్‌డన్‌కి గంట దూరంలో ఉంది. పైకి పోయి పోయి కెనడా గీత దగ్గర ఆగిపోయింది. అక్కడ ఎలా ఆగుతుంది? గోడ కడతారా, తాడు కడతారా, రోడ్డు సన్నబడిపోతుందా? నీకు కారుంది కదా. ఒకసారి వెళ్ళి చూసి నాకు రాస్తావా? ఈ వయసులో నాకు మిగిలిన కోరిక ఇదొక్కటే. పిన్నికి చెప్పకు.

మీ చిన్నతాత


హెర్న్‌డన్
జూన్ 19

చిన్నతాతయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమెరికాలో నా పేరు మీద పెట్టెలో పడిన మొదటి చేతిరాత ఇదే. మిగతావన్నీ బ్యాంకు వాళ్ళవి.

తప్పకుండా వెళతాను. ఒక్కటే భయం. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు జనవరిలో అయిపోయింది. ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ దేశం దాటితే తిరిగి రావడం వాళ్ళ చేతిలో ఉంటుంది. బోర్డర్ ముందు హైవే దిగే దారి, చివరి ఎగ్జిట్, ఒకటి ఉంటుందట. అది తప్పిపోతే వెనక్కి తిరిగే వీలు లేదు, తిన్నగా కెనడాలోకే. ఆఫీసులో దివాకర్ గారని ఒకాయన నయాగరా దగ్గర అలాగే వంతెన ఎక్కేశారు. ఆ కథ ఆయన ఇప్పటికీ నీళ్ళు తాగుతూ చెబుతారు.

అయినా వెళతాను. సెప్టెంబరులోగా చూసి రాస్తాను.

స్మృతి


అల్ఫారెట్టా
జూలై 2

అమ్మా స్మృతీ,

సంతోషం. స్కేలు పెట్టి గీసి లాగ్ షీటు పంపుతున్నాను. ఇది లేకుండా మా డిపోలో బండి గేటు దాటేది కాదు. బయలుదేరిన చోటు, సమయం, చేరిన సమయం, రిమార్కులు రాయాలి. చివర్లో కంట్రోలరు సంతకం. ఒక గడి మాత్రం నేను కలిపాను, "బండి తిప్పిన చోటు" అని. కొత్త రూటుకి వెళ్ళే డ్రైవరు ముందు అడిగేది అదే. ఊరు ఎలా ఉంటుందని కాదు, బస్సు ఎక్కడ తిరుగుతుందని.

చివరి ఎగ్జిట్ గురించి భయపడకు. రెండు మైళ్ళ ముందే కుడి లేనులోకి వచ్చెయ్యి. ఎవడు హారను కొట్టినా కదలకు.

కొంచెం పెద్ద అక్షరాలతో రాయమ్మా. నల్ల ఇంకుతో.

మీ చిన్నతాత


హెర్న్‌డన్
సెప్టెంబరు 14

చిన్నతాతయ్యకు,

వెళ్ళి వచ్చాను.

విన్‌చెస్టర్ దగ్గర 81 ఎక్కాను. వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా, న్యూయార్క్. ఒక్క రోడ్డు, ఐదు రాష్ట్రాలు. ఎడమ పక్క కొండలు చాలాసేపు తోడు వచ్చాయి. వాటర్‌టౌన్ దాటాక బండ్లు పలచబడ్డాయి. అప్పుడు సెయింట్ లారెన్స్ నది మీద పచ్చని ఇనుప వంతెన వచ్చింది. ఆకాశంలోకి ఎక్కుతున్నట్టు ఉంటుంది. కింద నదిలో లెక్కలేనన్ని ద్వీపాలు. ఒక్కో ద్వీపం మీద ఒక్కో ఇల్లు, బొమ్మరిల్లులా. వంతెన ఎక్కేటప్పుడు చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. దిగేసరికి ఆకులన్నీ ఎర్రగా, పసుపుగా మారిపోయాయి. దేశం అంచుకి వచ్చామని చెట్లకే ముందు తెలిసినట్టు అనిపించింది.

వంతెన దిగితే ఒక ద్వీపం. అది ఇంకా అమెరికాయే. చివరి ఎగ్జిట్ అక్కడే. దాని తర్వాత రోడ్డు కెనడా వైపు వెళ్ళిపోతుంది. గోడ లేదు.

లాగ్ షీటు జత చేస్తున్నాను. మీ కోరిక తీరిందనుకుంటాను.

స్మృతి


అల్ఫారెట్టా
సెప్టెంబరు 25

అమ్మా,

ఉత్తరం చాలా బాగుంది. నువ్వు చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగువి. రాయడం వచ్చు.

ఆ వంతెన దాటడానికి ఎంతసేపు పట్టింది? రెండు నిమిషాలా, మూడా? ముప్పై నాలుగేళ్ళలో నేను ఎన్నో వంతెనలు ఎక్కాను. మూడు నిమిషాల్లో రుతువు మారడం చూడలేదు.

లాగ్ షీటులో అన్నీ నింపావు. తిప్పిన చోటు గడి ఖాళీగా ఉంది. పొద్దు కంట్లో కొట్టిందని లేదు. టీ తాగినట్టు లేదు. నడుం నొప్పి లేదు.

కోపం లేదమ్మా. వీలు కాకపోతే వీలు కాలేదని రాయొచ్చు.

మీ చిన్నతాత


హెర్న్‌డన్
అక్టోబరు 9

చిన్నతాతయ్యా,

పది రోజులు ఈ కాగితం ముందు కూర్చుని లేచాను.

నేను వెళ్ళలేదు. కంప్యూటర్ మ్యాప్‌లో రోడ్డు బొమ్మలుంటాయి. కెమెరా పెట్టిన కారు ఊరూరా తిరిగి తీసినవి. బాణం గుర్తు నొక్కితే బొమ్మ ముందుకు జరుగుతుంది. హెర్న్‌డన్‌లో నా మంచం మీద కూర్చుని, రెండు శనివారాలు, ఆ రోడ్డంతా నొక్కుకుంటూ వెళ్ళాను. వంతెనకి ఇటు పక్క బొమ్మలు ఒక ఏడాది జూన్‌లో తీశారు. అటు పక్కవి ఇంకో ఏడాది అక్టోబరులో. అడుగున నెల రాసి ఉంది. నేను చూడలేదు. ఉత్తరాదిన ఆకులు అలా ఉంటాయేమో అనుకుని, పైగా దాని మీద ఒక మంచి వాక్యం కూడా రాశాను. నాకు అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నాకు హైవే మీద నడపడం రాదు. లైసెన్సు ఉంది. కారుంది. ఆఫీసుకి, ఇండియన్ స్టోర్‌కి, సందుల్లోంచి వెళతాను. హైవే ఎక్కే చోట పక్క నుంచి లారీలు వస్తుంటే చేతులు చచ్చుబడిపోతాయి. ఒకసారి ఎక్కే దారి చివర ఆగిపోయాను. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. ఒకాయన దిగి వచ్చి నన్ను పక్కకు జరగమని, నా కారు తనే నడిపి పక్కన పెట్టాడు.

మీరు అడిగినప్పుడు ఇది చెప్పలేకపోయాను. కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు చదివాను. ఏది అడిగినా "ఎస్ సిస్టర్" అని లేచి నిలబడడమే నేర్చుకున్నాను. తర్వాత ఎలా చేయాలన్నది కూర్చున్నాక ఆలోచించేవాళ్ళం.

క్షమించండి.

స్మృతి


అల్ఫారెట్టా
నవంబరు 3

స్మృతీ,

ఇప్పుడు దారికొచ్చావు. ఆ దిగి వచ్చినాయన మంచివాడు.

విను. హైవే ఎక్కేటప్పుడు భయం పక్క బండిని చూస్తే వస్తుంది. బండిని చూడకు, బండికీ బండికీ మధ్య ఉన్న ఖాళీని చూడు. వాళ్ళ వేగం అందుకున్నాకే కలువు. నెమ్మదిగా ఎక్కడం జాగ్రత్త కాదు, అదే ప్రమాదం. స్టీరింగ్‌ని పిసకొద్దు. చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో. వంతెన మీద కిందకీ పక్కకీ చూడకు. ముందు బండి వెనక చక్రాలు చూడు. అది దాటితే నువ్వూ దాటుతావు.

ముందు చిన్న రూటు. ఒక్క ఎగ్జిట్ ఎక్కి, దిగి, ఇంటికిరా. వారం అదే. తర్వాత రెండు. మా కొత్త డ్రైవర్లకి అలాగే నేర్పేవాణ్ణి.

ఇంకో లాగ్ షీటు గీశాను. గీతలు వంకరగా వచ్చాయి, ఏమనుకోకు.

చిన్నతాత


హెర్న్‌డన్
జనవరి 18

చిన్నతాతయ్యకు,

నవంబరంతా ఒక్క ఎగ్జిట్. డిసెంబరులో నాలుగు. పోయిన శనివారం విన్‌చెస్టర్ దాకా వెళ్ళి, 81 మీద ఒక ఎగ్జిట్ నడిపి వచ్చాను.

నా రూమ్మేట్ అనిక పక్కన కూర్చుంటోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. పదహారో ఏట నుంచి కారు నడుపుతోంది. మొదటి రోజు, "స్మృతీ, నువ్వు ఫార్టీ వెళ్తున్నావ్. అందరూ మనల్ని హేట్ చేస్తున్నారు" అంది. నేను మీ మాట చెప్పి, ఖాళీ కోసం చూస్తున్నానన్నాను. "ఖాళీ వెళ్ళిపోయింది. ఇంకోటి కూడా వెళ్ళిపోయింది. తాత లెటర్‌లో స్పీడ్ గురించి ఏం లేదా?" అంది. ఉంది అన్నాను. "అయితే తాత మాట విను!" అని అరిచింది. ఎక్కేశాను.

మీకు రాసిన నా దొంగ ఉత్తరం కథ కూడా చెప్పాను. "ఓల్డ్ మ్యాన్‌కి ఫేక్ ట్రిప్ రాశావా? సో బ్యాడ్. కానీ ఆకుల లైన్ బాగుంది" అంది.

ఒక మాట అడుగుతాను. జూన్‌లో మీరు పేజీకి ముప్పై లైన్లు రాశారు. నవంబరు ఉత్తరంలో పదకొండే పట్టాయి. చివరి మాటలు కాగితం దాటిపోయాయి. లాగ్ షీటులో ఒక గీత మీద ఇంకో గీత ఉంది. పిన్ని తాళాలు ఎందుకు దాచింది తాతయ్యా?

స్మృతి


అల్ఫారెట్టా
ఫిబ్రవరి 11

స్మృతీ,

ఉష తాళాలు దాచలేదు. నేనే ఇచ్చేశాను.

కళ్ళకి నీటికాసులు, ఇక్కడ గ్లాకోమా అంటారు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి కన్ను కూడా మసకేస్తోంది. చుక్కలు వేస్తున్నారు. ఉన్నది నిలబడితే చాలన్నాడు డాక్టరు. నిలబడకపోతే అని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అందుకే రోడ్డు చివర గురించి నీకు రాశాను. నాకు కనబడినా కనబడకపోయినా, నమ్మకమైన కళ్ళు ఒక జత చూసి చెబితే చాలనుకున్నాను.

ఇంకోటుంది. ఇది ఉషకు తెలియదు. నా ఎడమ కన్ను సర్వీసులో ఉండగానే పోయింది. మాకు కంటి పరీక్ష ఉండేది. ముందు వెళ్ళినవాళ్ళు లోపల అక్షరాలు పైకి చదువుతుంటే, బయట బెంచీ మీద కూర్చుని బట్టీ పట్టాను. కుడి కన్ను మూసి, చూడని అక్షరాలు గడగడా చదివేశాను. డాక్టరు శభాష్ అన్నాడు. పదకొండు నెలలు అలా నడిపాను. ఒక్కో ట్రిప్పులో యాభై మంది.

ఒక సాయంత్రం ఇచ్ఛాపురం వెళుతుంటే ఎడమ పక్క నుంచి సైకిలు వచ్చింది. వెనక జీడిపిక్కల బస్తా. నాకు కనబడలేదు. కండక్టరు రాధాకృష్ణ "బాబాయ్!" అని అరిచిన అరుపుకి బ్రేకు తొక్కాను. మనిషికేమీ కాలేదు. బస్తా చిరిగి పిక్కలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. అందరం దిగి ఏరాం. ఆ మనిషి నాకు దండం పెట్టాడు, సమయానికి ఆపావు బాబూ అని. నేను ఆపలేదు.

మర్నాడు వాలంటరీ రిటైర్మెంటు కాగితం ఇచ్చాను. ప్రమాదం చేయని డ్రైవరని బ్యాడ్జి ఇచ్చి పంపారు. పెట్టె అడుగున ఉంది.

నీ ఆకుల మాట నాకు ఎందుకు పట్టుబడిందో తెలిసిందా? చూడనిది చదివితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తడుముకోకుండా వస్తుంది.

ఇంక నువ్వు వెళ్ళకపోయినా నాకు బాధ లేదు. వెళితే మాత్రం కనబడిందే రాయి.

చిన్నతాత


బింగమ్టన్, న్యూయార్క్, తర్వాత హెర్న్‌డన్
ఏప్రిల్ 17, 20

చిన్నతాతయ్యా,

ఇది బింగమ్టన్‌లో మోటెల్ గదిలో మొదలుపెడుతున్నాను. మీ భాషలో నైట్ హాల్ట్. నడుం నొప్పిగా ఉంది. పెన్సిల్వేనియాలో వాన. లారీలు నీళ్ళు కొడుతుంటే అద్దం తెల్లబడిపోయింది. రెండుసార్లు రెస్ట్ ఏరియాలో ఆగి ఏడ్చాను. టీ దొరకలేదు. కాఫీ బాగాలేదు. రేపు మిగతాది.

ఇంటికి వచ్చాను. ఇప్పుడు చెబుతాను.

ఉదయం ఎనిమిదింబావుకి బయలుదేరాను. వాటర్‌టౌన్ తర్వాత వంతెన. అది చాలా సన్నం. ఎదురు బండ్లు పక్కనుంచే వస్తాయి. నా ముందు పాల ట్యాంకరు ఒకటి ఉంది. దాని వెనక చక్రాలే చూశాను. నది ఏ రంగులో ఉందో, ద్వీపాలు ఎన్నో నాకు తెలియదు. చూడలేదు.

వంతెన దిగగానే కుడి లేను. కెనడాకి ముందు ఇదే ఆఖరి ఎగ్జిట్ అని బోర్డు. చాలా ముందు నుంచే ఇండికేటర్ వేసి ఉంచాను. దిగిపోయాను. ట్యాంకరు అలా ముందుకు వెళ్ళిపోయింది. ఎందుకో దానికి చెయ్యి ఊపాను.

ఐస్‌క్రీం కొట్టు ముందు ఆపాను. కొట్టు మూసి ఉంది. అక్కడి నుంచి చూస్తే రోడ్డు కొంచెం వంగి, చెట్ల వెనక్కి వెళుతోంది. గోడ లేదు, తాడు లేదు, సన్నబడలేదు. చూస్తూ నిలబడ్డాను. బోర్డర్ ఆఫీసరు జీపు వచ్చి ఆగింది.

"దారి తప్పావా?" అన్నాడు.

"లేదు. రోడ్డు ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి వచ్చాను."

కాగితాలు అడిగాడు. ఫైలు మొత్తం ఇచ్చాను. చూసి తిరిగిచ్చాడు. "వర్జీనియా నుంచి దీనికోసమేనా? ఆగదమ్మా ఇది. అటు పక్క దీని నంబరు మారుతుంది, అంతే."

మా తాతయ్య బస్సు డ్రైవరని చెప్పి, లాగ్ షీటు చూపించి, కంట్రోలరు గడిలో సంతకం పెడతారా అని అడిగాను. ఎంత ధైర్యం వచ్చిందో. ఆయన నవ్వి, "నేను పెట్టిన సంతకానికి నేనే మూడు ఫారాలు నింపాలి. తాతనే పెట్టమను" అన్నాడు.

లాగ్ షీటు ఇందులో ఉంది. మీ కోసం పెద్దగా ఇక్కడ కూడా రాస్తున్నాను.

బయలుదేరిన చోటు: హెర్న్‌డన్. చేరిన చోటు: వెల్స్‌లీ ద్వీపం. చేరిన సమయం: 11.20.

బండి తిప్పిన చోటు: మూసి ఉన్న ఐస్‌క్రీం కొట్టు ముందు గులకరాళ్ళ స్థలం. ఒక్కసారికి తిరగలేదు. మూడుసార్లు వెనక్కి, ముందుకి. చెత్త డబ్బాకి తగిలింది. డబ్బాకి ఏమీ కాలేదు.

రిమార్కులు: చెట్లకు ఆకులు లేవు. వంతెనకి ఇటూ లేవు, అటూ లేవు.

మీరు రాసింది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. పిన్నికి మీరే చెబితే బాగుంటుంది. ఆవిడ ఇన్నాళ్ళూ తాళాలు దాచిన కూతురిగా మాట పడింది.

మీ స్మృతి


అల్ఫారెట్టా
మే 6

తల్లీ,

నీ ఉత్తరం నేను చదవలేకపోయాను. ఉష చదివింది, ఇదీ నేను చెబుతుంటే తనే రాస్తోంది. ఆఖరి పేరా దగ్గర ఆగి నా మొహం చూసింది. అంతా చెప్పాను. సైకిలు దాకా. తను లేచి పెట్టె తీసి, ఆ బ్యాడ్జి వెతికి నా చేతిలో పెట్టి, "ఆ మర్నాడు కాగితం ఇచ్చావు చూడు నాన్నా, దానికి ఇది" అంది. నేను ఒప్పుకోలేదు. ఇద్దరం ఇంకా దెబ్బలాడుకుంటున్నాం.

ఆగదు, నంబరు మారుతుందన్నాడా? ఇచ్ఛాపురం అవతల కూడా అంతే. ఒరిస్సా తారు కొంచెం నల్లగా ఉండేది. నేను ఎప్పుడూ అక్కడే తిప్పేసుకున్నాను కనుక ఆగిందనుకునేవాణ్ణి.

81 కింది చివర టెనెసీలో ఉంది. మాకు దగ్గరే. ఎండలు తగ్గాక నువ్వు వచ్చి నన్ను తీసుకెళ్ళు. ముందు సీట్లో కూర్చుంటాను. ఈ దేశంలో డ్రైవరు సీటు ఎడమ పక్క ఉంటుంది. అటు నేను చూసుకోనక్కర్లేదు.

లాగ్ షీటు సంతకం పెట్టి పంపుతున్నాను. ఉష నా వేలు పట్టుకుని కంట్రోలరు గడి ఇదీ అని చూపించింది. వద్దని, తిప్పిన చోటు గడి ఎక్కడుందో చూపించమన్నాను. మూడుసార్లు అని రాశావు చూడు, ఆ మాట మీద పెట్టాను.

అబద్ధమైతే ఒక్కసారికే తిరిగేది.

చిన్నతాత